చుట్టపుచూపు: వార్ధక్యమున బంధుదర్శనయాత్ర

ప్రయాణముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా రాజుల దండయాత్రలను, వర్తకుల నౌకాయాత్రలను, భక్తుల తీర్థయాత్రలను వర్ణింతురు. అరువదియేండ్లు దాటిన తల్లిగాని తండ్రిగాని చేతిసంచి పట్టుకొని, దూరప్రాంతమున ఉద్యోగము చేయుచున్న కొడుకునో, కూతునో, మనుమనినో చూడబోవు ప్రయాణమునకు ఆ గ్రంథములలో చోటు లేదు. దానిని గురించి శిలాశాసనములు లేవు, కైఫీయతులు లేవు. అయినను స్వస్థలమును విడిచి కేంద్రప్రభుత్వపు కొలువులలో బ్రతుకుచున్న మనవంటివారి కుటుంబములలో ఇంతకంటె ముఖ్యమైన యాత్ర మరియొకటి లేదు. ఇది ఎప్పుడు మొదలైనది, ఏ మార్గముల వెంట పెరిగినది, ప్రభుత్వపు నిబంధనలు దీనిని ఎట్లు చూచినవి అను విషయములను ఈ వ్యాసమున సంగ్రహముగా పరిశీలింతము.

పెద్దలున్న చోటికి పిన్నలు

పూర్వము తెలుగునాట ముసలివారికి దూరప్రయాణమనగా తీర్థయాత్రయే. బంధువులను చూచుటకు దూరము పోవలసిన అవసరము వారికి అంతగా ఉండెడిది కాదు. మేనరికములు ఆచారముగా నున్న సమాజము మనది. మేనమామ కూతునో, మేనత్త కూతునో, అక్క కూతునో చేసికొన్నప్పుడు వియ్యంకులు పరాయివారు కారు. మేనరికము కుదరని యెడల కూడ సంబంధములను ఒక తాలూకాలోనో, పొరుగు తాలూకాలోనో వెదకుకొనెడివారు. ఎడ్లబండిపై ఒక పూటలోనో ఒక రోజులోనో కూతురి ఊరు చేరవచ్చును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టాలో కాలువల వెంట పడవప్రయాణము కూడ ఏర్పడినది. రాత్రి పడవలో పండుకొన్నవారు తెల్లవారునప్పటికి బంధువుల ఊరి రేవున దిగెడివారు.

అంతకంటె ముఖ్యమైనది ప్రయాణపు దిశ. ఆనాడు పిన్నలే పెద్దలున్న చోటికి వచ్చుట మర్యాద. పురిటికి కూతురు పుట్టింటికి వచ్చును. సంక్రాంతికి అల్లుడు అత్తవారింటికి వచ్చును. ఆబ్దికములకు కొడుకులు పెద్దవాని ఇంట చేరుదురు. ఇంటి అరుగుమీద కూర్చున్న తాతగారు ఎక్కడికిని కదలనక్కరలేదు. లోకమే ఆయన వద్దకు వచ్చుచుండెను. కన్యాదానము చేసిన తండ్రి ఆ కూతురికి సంతానము కలుగువరకు ఆమె ఇంట భోజనము చేయరాదను నియమము కూడ కొన్ని కుటుంబములలో ఉండెను. కాబట్టి వార్ధక్యమున కూతురి ఇంట నెలల తరబడి ఉండుట అనునది ఆనాటివారి ఊహకు అందని విషయము.

ఇక తీర్థయాత్ర సంగతి. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత ఊరకే పుట్టలేదు. దారిలో అడవులు, ఏరులు, జ్వరములు, దోపిడీలు. 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూరుమంది పరివారముతో హైదరాబాదు, నాగపూరు, జబ్బలుపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయను, కలకత్తాను చూచి, తూర్పుతీరము వెంట 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరిరి. పదునైదు నెలలకు పైగా పట్టిన యాత్ర అది. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయనకు అప్పటికి ఏబదియేండ్ల ప్రాయము. తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి ఆయన పంపుచు వచ్చిన సమాచారమే ‘కాశీయాత్ర చరిత్ర’గా రూపొంది 1838లో అచ్చైనది. ఇంతటి పరివారము, ధనము గలవారికే పదునైదు నెలలు పట్టిన పనిని సామాన్యుడు ప్రాణముపై ఆశ వదలుకొని మాత్రమే తలపెట్టవలసియుండెను. తిరిగివచ్చినవాడు కాశీసమారాధన చేసి ఊరివారికి అన్నము పెట్టుట ఈ భయము తీరినందుకే.

ఇట్టి బాటసారులను నిలిపినవి దారి పొడవునా ఉన్న సత్రములు, దాతల ఇండ్లు. గోదావరిలంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూయువరకు వేళ గాని వేళ వచ్చినవారికి కూడ అన్నము పెట్టిరి. ముసలివారి ప్రయాణము పరుల దయపై ఆధారపడియుండిన కాలము అది.

ఇనుపదారి వచ్చిన పిదప

1856లో చెన్నపట్టణమునుండి ఆర్కాటు వైపు తొలి రైలు నడచినది. 1871 నాటికి ఆ దారి కడప, గుంతకల్లుల మీదుగా రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసినది. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకును, 1889లో సికింద్రాబాదు నుండి బెజవాడకును రైలు వచ్చినది. 1893లో బెజవాడవద్ద కృష్ణపైనను, 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపైనను వంతెనలు సిద్ధమైనవి. దీనితో కలకత్తాకును చెన్నపట్టణమునకును నడుమ తెలుగుతీరమంతయు ఒకే ఇనుపదారిపై నిలిచినది.

వృద్ధులకు ఇది మొదట తీర్థయాత్రాసౌకర్యముగానే కనబడినది. కాశి నెలల దూరమునుండి రోజుల దూరమునకు వచ్చినది. కాని అదే రైలు మరియొక పని కూడ చేసినది. యువకులను ఊళ్లనుండి తీసికొనిపోయినది. ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారములకు, 1907లో స్థాపితమైన టాటావారి ఉక్కు కర్మాగారము గల జంషెడ్‌పూరునకు తెలుగువారు వేలకొలదిగా తరలిరి. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి ఓడలెక్కి రంగూను చేరినవారు ఎందరో. పెద్దలు ఊరిలో మిగిలిరి. 1879లో వచ్చిన పోస్టుకార్డును, 1880లో తపాలాశాఖ ప్రారంభించిన మనియార్డరును వారికి కొడుకులతో గల సంబంధమునకు ఆధారములైనవి. తపాలాబంట్రోతు చేతిలో వ్రేలిముద్ర వేసి పది రూపాయలు తీసికొన్న తల్లి ఆ కొడుకును చూడబోవుట అరుదు. రంగూనుకు ముసలివారు ఓడనెక్కి చుట్టపుచూపుగా పోవు అలవాటే లేదు. 1941 డిసెంబరులో ఆ నగరముపై జపాను బాంబులు పడినప్పుడు, నడచియు ఓడలపైనను తిరిగివచ్చిన కొడుకులను మాత్రమే వారు చూచిరి. రానివారి కొరకు ఎదురుచూచుచు పోయినవారును కలరు.

ఢిల్లీ దూరము

1911లో రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చుదుమని ప్రకటించిరి. 1931లో కొత్తఢిల్లీ నగరమునకు ప్రారంభోత్సవము జరిగినది. నడుమ, 1929 నాటికి కాజీపేట-బల్హార్షా దారి పూర్తియై దక్షిణదేశమునకు ఢిల్లీతో సూటియైన సంబంధము కలిగినది. ఆ సంవత్సరముననే మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ తొలుత పెషావరు-మంగుళూరుల మధ్య నడచి, తరువాత ఢిల్లీ-మద్రాసుల మధ్యకు కుదించబడినది. తెలుగువారు దానిని జీటీ అనియే పిలిచిరి. ఉత్తరాన ఉద్యోగము చేసిన తెలుగుకుటుంబములలో జీటీ పేరు వినని బిడ్డ ఉండడు.

1947 తరువాత కేంద్రశాఖలు పెరిగినవి. లోడీ కాలనీ, తరువాత సరోజినీనగరు మొదలైన పేరులు దాల్చిన వినయ్ నగరు, రామకృష్ణపురము మొదలగుచోట్ల ప్రభుత్వపు క్వార్టర్లలో తెలుగుమాట వినబడసాగినది. అప్పుడే మన కథలోని ముఖ్యమైన మార్పు జరిగినది. గుమాస్తాకు ఏడాదికి దొరకు సెలవులు స్వల్పము. పిల్లలకు బడి. భార్య కూడ ఉద్యోగినియైనచో ఆమెకు ప్రసూతిసెలవు లెక్కలు. 1954 జూలైలో ఢిల్లీలో కేంద్రప్రభుత్వ ఆరోగ్యపథకము ప్రారంభమైన పిదప పురిటికి కావలసిన వైద్యము ఇంటివద్దనే దొరకినది. కూతురు పుట్టింటికి పోవుటకు బదులు పుట్టిల్లే కూతురివద్దకు రావలసివచ్చినది. తల్లి రైలెక్కినది.

ఆమె వెంట వచ్చిన సామాను చూచినచో ఆమె రాకలోని ఉద్దేశము తెలియును: ఆవకాయ జాడీ, పసిబిడ్డకు ఆముదము, సున్నిపిండి, బాలింతకు కాయము, అరిసెల డబ్బా. మూడవతరగతి పెట్టెలో, చెక్కబల్లలపై, దాదాపు 1,750 కిలోమీటర్ల దూరము. భోపాలు దాటిన తరువాత అడిగిన మంచినీటికి కూడ భాష చాలదు. 1974లో మూడవతరగతి అను పేరు పోయి రెండవతరగతి అయినది. 1977 తరువాత మధు దండవతేగారు రైల్వేమంత్రిగా నున్న కాలమున ఆ చెక్కబల్లలపై మెత్తలు వేయు ఏర్పాటు మొదలైనది. ఆ రెండంగుళముల మెత్తవలన కలిగిన ఉపకారము నడుము నొప్పి గల వృద్ధులకే తెలియును. 1976లో హైదరాబాదునుండి కొత్తఢిల్లీకి ఏ.పీ. ఎక్స్‌ప్రెస్ ప్రారంభమైనది, 2015లో దానికి తెలంగాణా ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి, విశాఖపట్టణమునుండి ఏ.పీ. ఎక్స్‌ప్రెస్ పేరుతో మరియొక బండి నడపిరి.

చాలమంది పెద్దలు ఈ ప్రయాణమును తీర్థయాత్రతో జోడించుకొనిరి. కొడుకు ఇంట పది దినములుండి, హరిద్వారమునకో ప్రయాగకో పోయి గంగలో మునిగి వచ్చెడివారు. కొడుకు ఇంట తినుటకు వచ్చితిననిపించుకొనుట ఇష్టములేని తండ్రికి గంగాస్నానము ఒక గౌరవప్రదమైన కారణమైనది.

నిబంధనలోని కుటుంబము

కేంద్రప్రభుత్వోద్యోగికి సెలవు ప్రయాణపు రాయితీ, అనగా మనము ఎల్.టీ.సీ. అని వాడుకొనునది, 1956 అక్టోబరు 11వ తేదీ ఉత్తరువుతో వచ్చినది. ఆ తరువాత మూడు వారములకే, నవంబరు 1న, ఆంధ్రప్రదేశము అవతరించినది. ఒక వైపు తెలుగువారికి ఒక రాష్ట్రము ఏర్పడుట, మరియొక వైపు దూరమున నున్న తెలుగు ఉద్యోగికి రెండేండ్లకొకసారి ఆ రాష్ట్రమును చూచి వచ్చు దారి దొరకుట దాదాపు ఒకేసారి జరిగినవి.

ఈ రాయితీకై ఉద్యోగి తన స్వస్థలమును ప్రకటింపవలెను. ఒకసారి ప్రకటించినది సాధారణముగా మార్చుటకు వీలులేదు. తగిన కారణమున్నచో సర్వీసు మొత్తములో ఒక్కసారి మార్చుకొనవచ్చును. ఆ చోటు నిజముగా స్వస్థలమేనా అని నిర్ణయించుటకు ప్రభుత్వము కొన్ని పరీక్షలు పెట్టినది. గృహధర్మములకు, సాంఘికధర్మములకు ఆతడు అప్పుడప్పుడు అచటికి పోవలసియున్నదా? ఆతనికిగాని ఆతని ఉమ్మడికుటుంబమునకుగాని అచట ఇల్లున్నదా? దగ్గరి బంధువులు అచట నివసించుచున్నారా? కొలువులో చేరుటకు పూర్వము ఆతడు అచట ఉండెనా? కచేరీభాషలో వ్రాసినవే అయినను ఈ నాలుగు ప్రశ్నలు మంచి ప్రశ్నలు. స్వస్థలమనగా మట్టి మాత్రమే కాదు, అచట మనకై ఎదురుచూచు మనుష్యులు అని వానిని వ్రాసిన అధికారి గ్రహించెను.

కాని కుటుంబమును నిర్వచించునప్పుడు మాత్రము ఆ దృష్టి సంకుచితమైనది. తల్లిదండ్రులు ఉద్యోగిపై పూర్తిగా ఆధారపడినవారై యుండుటతో చాలదు. ఆతనితో కలిసి నివసించుచుండవలెను. అప్పుడే వారు ఈ రాయితీకి కుటుంబసభ్యులు. ఊరిలో ఒంటరిగా నున్న తల్లి కొడుకు పంపు సొమ్ముతోనే బ్రతుకుచున్నను ఆమె కుటుంబములో చేరదు. స్వస్థలమును నిరూపించుటకు ఆమె ఉనికి సాక్ష్యముగా పనికివచ్చును. ప్రయాణపు ఖర్చు పట్టికలో ఆమె పేరుకు చోటు లేదు. ఆమెను చూచుటకు పోవు కొడుకునకు చార్జీ దొరకును, కాని ఊరిలో నున్న ఆమె ప్రయాణమునకు దొరకదు.

ఈ షరతు అర్ధశతాబ్దము నిలిచినది. ఆరవ వేతనసంఘము సిఫారసుల తరువాత 2008 సెప్టెంబరు 23వ తేదీ ఉత్తరువులో, పూర్తిగా ఆధారపడిన తల్లిదండ్రులు ఉద్యోగితో నివసించినను నివసింపకున్నను కుటుంబసభ్యులేయని ప్రభుత్వము అంగీకరించినది. ఒక వాక్యములోని కొన్ని మాటలు తొలగినవి. వెనుకటి తరము ఉద్యోగుల తల్లులలో ఆ మార్పు చూచువరకు జీవించినవారు కొద్దిమందియే. ఆధారపడుటకు ఆదాయపరిమితి నేటికిని కలదు. కొద్దిపాటి పింఛను వచ్చు తండ్రి, రెండెకరముల కౌలు వచ్చు తల్లి ఆ పరిమితిని దాటినచో చార్జీ కొడుకు జేబునుండియే రావలెను. దీనిని తప్పని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఖజానాకు హద్దు ఉండవలెను. కాని కాగితముమీది కుటుంబము ఇంటిలోని కుటుంబముకంటె ఎప్పుడును చిన్నదని చరిత్ర చూపుచున్నది.

కొడుకు, కూతురు

న్యాయశాస్త్రములో కూడ ఇట్టి మార్పే నెమ్మదిగా వచ్చినది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో భరణము కోరు హక్కు భార్యకు, బిడ్డలకు మాత్రమే ఉండెను. 1973 నాటి కోడు 125వ సెక్షనులో తల్లిదండ్రులను చేర్చిరి. పెండ్లియైన కూతురు కూడ తల్లిదండ్రులను పోషింపవలసినదేయని సుప్రీముకోర్టు 1987లో తీర్పు చెప్పినది. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకై ప్రత్యేకచట్టము వచ్చినది. కూతురి ఇంట భోజనము చేయరాదనిన తండ్రుల మనుమల కాలమునకు, కూతురి ఇల్లు తల్లిదండ్రుల హక్కులో భాగమైనది. ఆచారము వెళ్లిన దూరము ఇంత.

రాయితీ, క్రిందిబెర్తు

రైల్వేశాఖ వృద్ధులకు చార్జీలో తగ్గింపు ఇచ్చుచు వచ్చినది. 2020 మార్చి నాటికి అరువదియేండ్లు నిండిన పురుషులకు నూటికి 40 వంతులు, 58 యేండ్లు నిండిన స్త్రీలకు నూటికి 50 వంతులు తగ్గింపు ఉండెను. మహమ్మారి ప్రబలిన ఆ నెలలో దానిని నిలిపివేసిరి. అనవసరపు ప్రయాణములు తగ్గవలెనని ఆనాడు చెప్పిన కారణము. వృద్ధుల ప్రయాణములలో ఏది అవసరము, ఏది అనవసరము అను ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు. మనుమరాలి పుట్టువెండ్రుకలు తీయించు వేడుకకు పోవుట అవసరమా? వైద్యశాస్త్రము కాదనవచ్చును. ఆ అవ్వను అడిగినచో వేరు సమాధానము వచ్చును.

మిగిలిన సౌకర్యములలో పెద్దది క్రిందిబెర్తు. వృద్ధులకును, 45 యేండ్లు దాటిన స్త్రీలకును వారు కోరకపోయినను ఖాళీ ఉన్నంతవరకు క్రిందిబెర్తునే కేటాయించునట్లు రిజర్వేషను యంత్రమును ఏర్పరచిరి. దొరకనివారికి మనదేశమున ఇంకను మరియొక ఏర్పాటు కలదు: ఎదుటి యువకుడు లేచి, “మీరు క్రింద పండుకొనండి, పెద్దమ్మగారూ” అని తన చోటు ఇచ్చుట. ఇది ఏ ఉత్తరువులోను లేదు. సత్రముల కాలపు దయ పూర్తిగా పోలేదనుటకు ఇది నిదర్శనము.

సముద్రము దాటిన చుట్టపుచూపు

1965లో అమెరికావారు వలసచట్టమును మార్చిన తరువాత తెలుగువైద్యులు, ఇంజనీర్లు ఆ దేశమునకు పోసాగిరి. వారి వెంట, కొన్ని యేండ్లు ఆలస్యముగా, వారి తల్లిదండ్రులు కూడ సందర్శకులుగా పోయిరి. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సలేటు తెరచువరకు వీసాకై చెన్నపట్టణము పోవలసియుండెను. ఆ సంవత్సరముననే శంషాబాదు విమానాశ్రయము కూడ ప్రారంభమైనది. సందర్శకులకు సాధారణముగా ఇచ్చు గడువు ఆరునెలలు. ఒక తల్లి పురిటికి పోయి ఆరునెలలుండి రాగా, వియ్యపురాలు మిగిలిన ఆరునెలలకు పోవు వాడుక అట్లు ఏర్పడినది. ఢిల్లీకి వచ్చిన తల్లి వెనుకటి దారినే ఆమె కూడ నడచినది. జాడీ స్థానమున మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా వచ్చినది, అంతే.

ఇప్పుడు మన వంతు

1951 ప్రాంతమున మనదేశమున సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. శిశుమరణములు ఎక్కువగుట దానికి ప్రధానకారణము. నేడది 70 ప్రాంతమున కలదు. 2011 జనాభాలెక్కలలో అరువదియేండ్లు నిండినవారు పది కోట్లకు పైగా ఉండిరి. కేంద్రోద్యోగి పదవీవిరమణవయస్సు 1962లో 55 నుండి 58కిని, 1998లో 58 నుండి 60కిని పెరిగినది. దీని ఫలితమేమి? పదవి విరమించిన కొడుకునకు ఎనుబదియైదేండ్ల తల్లి ఉండుట నేడు వింత కాదు. ఆతడు ఒక వైపు ఊరిలోని తల్లిని చూడబోవలెను. మరియొక వైపు బెంగుళూరులోనో దూరదేశముననో ఉన్న కూతురి ఇంట చుట్టమై దిగవలెను. ఒకే మనిషి రెండు దిక్కుల యాత్రికుడు.

ఇచటనే మనము ఆలోచింపవలసిన సంగతి కలదు. అరుగుమీది తాతగారు ఇంటికి యజమాని. కొడుకు క్వార్టరులోని తండ్రి అతిథి. అల్మారాలో ఆయన పంచెలకు ఒక అర ఖాళీచేసి ఇత్తుము. ఆయన తిరుగుప్రయాణపు టిక్కెట్టు తేదీ గోడక్యాలెండరుపై గుర్తించియుండును. ఎంత ప్రేమగా చూచినను ఆయన తన ఇంటిలో లేడని ఆయనకు తెలియును. పగలు ఇంటిలోనివారందరు కచేరీలకు, బడులకు పోయిన పిదప, భాష తెలియని వీథిలో, తలుపు గడియ వేసికొని కూర్చున్న పెద్దలు మన కాలనీలలో ఎందరో ఉండిరి, నేటికిని కలరు. వారు “అబ్బాయి బాగుగా చూచినాడు” అని ఊరిలో చెప్పుదురు. అది అబద్ధము కాదు, సంపూర్ణసత్యమును కాదు.

మన సంఘమువంటి సంస్థలు చేయదగిన పని ఇచట కలదు. ఊరినుండి వచ్చిన పెద్దలను నాటకములనాడు ముందువరుసలో కూర్చుండబెట్టుటతో తృప్తిపడరాదు. వారానికి రెండు మధ్యాహ్నములు సంఘపు గదిని వారికై తెరచి, తెలుగు పత్రికలను, నాలుగు కుర్చీలను, ఒక కాఫీ ఫ్లాస్కును ఉంచినచో చాలును. కాలనీలో ఏ ఇంట ఎవరి తల్లి, ఎవరి తండ్రి వచ్చియున్నారో ఒక చీటీపై వ్రాసిపెట్టి, ఒకరి వద్దకు ఒకరిని చేర్చవచ్చును. వారికి కావలసినది సేవకంటె సాటివారి మాట.

అట్లు చేరినప్పుడు వారినొక ప్రశ్న అడిగి సమాధానమును వ్రాసికొనుడు: మీరు మొదట ఏ సంవత్సరమున, ఏ బండిలో, ఎవరిని చూచుటకు బయలుదేరితిరి? వెంట ఏమి తెచ్చితిరి? తిరుగుప్రయాణమునాడు స్టేషనులో ఎవరు నిలిచిరి? ఈ వ్యాసమున మనము చూచినవి చట్టముల సంవత్సరములు, వంతెనల సంవత్సరములు మాత్రమే. అసలు చరిత్ర వారి నోట కలదు. వచ్చే సంచికలో అట్టి పది సమాధానములు అచ్చైనచో, తెలుగువారి ప్రయాణచరిత్రలో ఇంతవరకు లేని ఒక అధ్యాయము మొదలగును.